పాడిన పాట వెనక్కి తీసుకుంటే ఏం చేయాలి: ఆన్‌లైన్‌లో వేలం పెట్టే విశాఖవాళ్ల కోసం

వేలం ఇంకో పది నిమిషాల్లో ముగుస్తుందనగా హెచ్చు పాట పాడిన మనిషి "సారీ అండి, పొరపాటున పెట్టాను" అని ఒక ముక్క రాసి తప్పుకుంటాడు. పదకొండు వేల దాకా వెళ్లిన ధర నాలుగు వేలకు జారిపోతుంది. ఒళ్లు మండుతుంది, సహజమే. ఆ మంటలో చాలామంది రెండు పనుల్లో ఒకటి చేస్తారు. గ్రూపులో ఆయన్ని నలుగురి ముందూ కడిగేస్తారు, లేదంటే కంగారుగా కింది పాటదారుకి "మీకే ఖాయం, డబ్బు పంపండి" అని మెసేజ్ కొడతారు. రెండూ మీకే నష్టం.

మన ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున చేపల వేలం జరుగుతుంది. అక్కడ పాడి వెనక్కి తగ్గడం అంత తేలిక కాదు. మర్నాడు మళ్లీ అదే గట్టు మీద అవే మొహాలు చూసుకోవాలి కదా. వాట్సాప్ గ్రూపులోనో, ఈబేలోనో ఆ మొహమాటం ఉండదు. అక్కడ మొహమాటం చేసే పనిని ఇక్కడ మీరు ముందుగా రాసిపెట్టుకున్న షరతులు చేయాలి. తప్పుకున్న మనిషి వెంట పడటం కంటే, నిజంగా కొనే ఉద్దేశంతో పాడినవాళ్లు ఏ ధర దగ్గర నిలిచి ఉన్నారో త్వరగా తేల్చడం ముఖ్యం. ఇక్కడ చెప్పబోయేదంతా దాని కోసమే.

ఉదాహరణకి ఒక వస్తువు పట్టుకుందాం. అటక మీద దొరికిన జెనిట్-ఇ కెమెరా, దానికి హీలియోస్ 44-2 లెన్స్. సోవియట్ కాలం నాటి బరువైన ఫిల్మ్ కెమెరా. ఈ తరం కుర్రాళ్లలో కూడా దీన్ని ఇష్టపడేవాళ్లు ఉన్నారు. మొదటి ధర 2,000 రూపాయలు పెట్టారనుకోండి.

ముందు తేల్చుకోవాల్సింది: ముగియకముందా, ముగిశాకా?

ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. 1930 నాటి వస్తువుల విక్రయ చట్టంలో 64వ సెక్షన్ వేలాల గురించే. సుత్తి దెబ్బతోనో, ఆనవాయితీగా ఉన్న మరో పద్ధతిలోనో వేలం ముగిసిందని ప్రకటించే వరకూ ఏ పాటదారు అయినా తన పాట వెనక్కి తీసుకోవచ్చని అది చెబుతుంది. 1872 కాంట్రాక్టు చట్టం 5వ సెక్షన్‌లో ఉన్నదీ ఇదే: అవతలివాళ్లు అంగీకారం తెలిపేలోపు ప్రతిపాదనను ఉపసంహరించుకోవచ్చు. అంటే రాత్రి 9:00కి ముగిసే వేలంలో 8:50కి తప్పుకున్న మనిషి మిమ్మల్ని ఇబ్బంది పెట్టాడు గానీ, చట్టం ప్రకారం నేరమేమీ చేయలేదు.

9:00 దాటాక, "మీకే ఖాయం" అని మీరు ప్రకటించాక తప్పుకుంటే అది ఒప్పందం ఎగ్గొట్టడం. వాట్సాప్‌లో ఒప్పుకున్నది లెక్కలోకి రాదనుకునేవాళ్లు ఉన్నారు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో కుదిరిన ఒప్పందం, ఆ ఒక్క కారణంతో చెల్లకుండా పోదని ఐటీ చట్టం 10ఏ సెక్షన్ చెబుతోంది.

కాబట్టి ముగింపు అనేది స్పష్టంగా ఉండాలి. "రేపు సాయంత్రం దాకా చూద్దాం" అంటే అది ముగింపు కాదు. "ఆదివారం రాత్రి 9:00కి ముగుస్తుంది, నేను 'ఖాయం' అని రాసిన మెసేజ్‌తో అమ్మకం పూర్తయినట్టు" అని ముందే రాయండి. ఆ ఒక్క మాటే మీ సుత్తి దెబ్బ.

మరి ముగియకముందు తప్పుకుంటే ధరావత్తు (ముందుగా కట్టించుకున్న డిపాజిట్) తీసేసుకునే షరతు చెల్లుతుందా? ఈ ప్రశ్న పెద్ద టెండర్ల విషయంలో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. జాతీయ రహదారుల సంస్థకీ గంగా ఎంటర్‌ప్రైజెస్‌కీ మధ్య కేసులో 2003లో కోర్టు ఆ రెండు విషయాలనూ విడదీసింది. ప్రతిపాదన వెనక్కి తీసుకునే హక్కు ఒకటి, ముందే ఒప్పుకున్న షరతు ప్రకారం ధరావత్తు పోవడం ఇంకొకటి. మన కెమెరా వేలానికి అంత హడావిడి అక్కర్లేదు గానీ, ఆలోచించే తీరు మాత్రం అక్కడి నుంచి తెచ్చుకోవచ్చు. "మీరు వెళ్లిపోవచ్చు, కానీ ముందు ఒప్పుకున్నది ఇక్కడ వదిలి వెళ్లండి."

వేలానికి ముందు: సగం ఉపసంహరణలు ఫొటోల్లోనే ఆగిపోతాయి

పాట వెనక్కి తీసుకునేవాళ్లందరూ మోసగాళ్లు కారు. చాలామంది వేలం మధ్యలో ఫొటోని పెద్దది చేసి చూసుకుని, ఏదో తేడా కనిపించి జడుసుకుంటారు. అడిగితే బాగోదని "మా ఇంట్లో ఒప్పుకోలేదండి" అనేస్తారు.

సముద్రం పక్కన ఉన్న మన ఊళ్లో ఈ గొడవ మరీ ఎక్కువ. గాలిలో తేమకి లెన్స్ లోపల ఫంగస్ పడుతుంది. మామూలు ఫొటోలో అది కనిపించదు. లెన్స్‌ని కెమెరా నుంచి విప్పి, వెనక వైపు నుంచి సెల్‌ఫోన్ టార్చ్ వేసి, ఎపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వెళ్లే రంధ్రం) పూర్తిగా తెరిచి ముందు నుంచి ఫొటో తీయండి. సాలెపురుగు కాళ్లలాంటి సన్నటి తెల్లగీతలు కనిపిస్తే అదే ఫంగస్. ఉంటే ఉందని రాసి, ఆ ఫొటోనే రెండోదిగా పెట్టండి. ధర కొంచెం తగ్గుతుంది, నిజమే. అయినా ఫంగస్ ఉందని తెలిసి నాలుగు వేలు పాడినవాడు నిలబడతాడు. తెలియక ఏడు వేలు పాడినవాడు చివర్లో జారుకుంటాడు, లేదా వస్తువు అందాక వెనక్కి పంపుతానంటాడు.

జెనిట్-ఇ లాంటి కెమెరాకి ఇంకో రెండు చూడాలి. షట్టర్ వేగాలు 30 (సెకనులో 30వ వంతు) నుంచి 500 దాకా ఐదు ఉంటాయి. వెనక మూత తెరిచి, ఒక్కో వేగంలో నొక్కుతూ చిన్న వీడియో తీయండి. బ్యాటరీ లేకుండా వెలుతురు కొలిచే సెలీనియం మీటర్ ఉంటుంది. వెలుతురు వైపు తిప్పితే సూది కదులుతోందో లేదో చూపించండి. కదలకపోతే "మీటర్ పనిచేయదు" అని రెండు ముక్కలు చాలు. మీరు అమ్మేది గ్రామఫోను అయినా, గడియారం అయినా ఇంతే. కొనేవాడు చేత్తో పట్టుకుంటే మొదట ఎక్కడ చూస్తాడో అక్కడ ఫొటో తీయండి.

వేలం నడుస్తుండగా కొత్త లోపం మీ కంటపడితే దాచకండి. "షట్టర్ 30 దగ్గర అతుక్కుంటోంది, ఇప్పుడే చూశాను. ఇప్పటిదాకా పాడినవాళ్లలో ఎవరైనా తప్పుకోవాలంటే ఏమీ పోదు" అని అందరికీ చెప్పండి. అలాంటప్పుడు తప్పుకున్నవాళ్ల మీద గుర్రుగా ఉండే హక్కు మీకు లేదు.

షరతులు రాసుకోవడం

గ్రూపులో వేలం పెడుతుంటే ఈ కింది మాదిరి చాలు. మీ వస్తువుకి తగ్గట్టు అంకెలు మార్చుకోండి.

"మొదటి ధర 2,000. పెంపు కనీసం 200. ఒక్క పాటలో 1,000కి మించి పెంచాలంటే ముందు నాతో మాట్లాడాలి. ధరావత్తు 300, పాడే ముందు యూపీఐలో పంపాలి. గెలిచినవారికి ధరలో తగ్గిస్తాను, మిగతావారికి మర్నాటిలోపు తిరిగి పంపుతాను. అంకె తప్పు పడితే 10 నిమిషాల్లో చెప్పండి, ఏమీ పోదు. చివరి గంటలో తప్పుకుంటే ధరావత్తు పోతుంది. తప్పుకున్నవారు ఈ వస్తువు మీద మళ్లీ పాడకూడదు. చివరి 5 నిమిషాల్లో కొత్త పాట వచ్చినా, చివరి గంటలో పాట వెనక్కి వెళ్లినా, సమయం పెంచుతాను. హెచ్చు పాట తప్పుకుంటే దాని కింది పాటదారుకి కొనాలా వద్దా అన్నది ఆయన ఇష్టం. నా తరఫున ఎవరూ పాడరు."

చివరి వాక్యం గురించి ఒక మాట. బావమరిది చేతనో, ఫ్రెండ్ చేతనో పాట పెంచించే అలవాటు మనవాళ్లలో బాగానే ఉంది. ఆ దొంగ పాటే పొరపాటున గెలిస్తే "తప్పుకున్నాడు" అని కథ చెబుతారు. ఉపసంహరణల మీద ఫిర్యాదు చేసే అమ్మకందారుల్లో ఇలాంటివాళ్లు కూడా ఉంటారు. అదే 64వ సెక్షన్ ప్రకారం, ధర పెంచడానికి అమ్మేవాడు ఉత్తుత్తి పాటలు పాడిస్తే, కొన్నవాడు ఆ అమ్మకాన్ని రద్దు చేసుకోవచ్చు. అవతలివాళ్ల నుంచి నిజాయితీ ఆశించేటప్పుడు ఇది మీ వైపు నుంచి సరిచూసుకోండి.

ధరావత్తు అన్నిటికీ అడగకండి. వెయ్యి రూపాయల వస్తువుకి అడిగితే నవ్విపోతారు, పాడేవాళ్లే రారు. మీరు గ్రూపుకి కొత్తయితే మిమ్మల్ని నమ్మి 300 ఎవరు పంపుతారు? అలాంటప్పుడు గ్రూపు నడిపే పెద్దమనిషి దగ్గర ఉంచమనండి. అంకె కూడా సబబుగా ఉండాలి. నాలుగు వేల వస్తువుకి రెండు వేల ధరావత్తు అంటే ఎవరికైనా అనుమానం వస్తుంది. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ కూడా ఒప్పందంలో ఎంత జరిమానా రాసుకున్నా, సబబైన పరిహారమే ఇప్పించాలంటుంది.

వాట్సాప్‌లో ఇంకో చిక్కు

పంపిన మెసేజ్‌ని వాట్సాప్‌లో 15 నిమిషాల దాకా మార్చుకోవచ్చు, దాదాపు రెండు రోజుల దాకా అందరికీ కనిపించకుండా తీసేయొచ్చు. 6,500 అని పెట్టినవాడు 5,500 అని మార్చేస్తే, కింద "ఎడిట్ చేశారు" అన్న చిన్న గుర్తు తప్ప మీ దగ్గర ఏమీ మిగలదు.

దీనికి మందు పాతదే. వేలం పాటలో పాడించేవాడు ప్రతి అంకెనూ గట్టిగా తిరిగి చెబుతాడు చూడండి, అలాగే చేయండి. పాట రాగానే మీ సొంత మెసేజ్‌లో "గాజువాక రాజు గారు 6,500. ఆపైన?" అని రాయండి. మీ మెసేజ్‌ని ఆయన మార్చలేడు. వేలం అయ్యే వరకూ గంటకో స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి. ముగింపు దగ్గరపడితే "6,500 ఒకటోసారి", రెండు నిమిషాలకి "రెండోసారి", ఆపైన "మూడోసారి, ఖాయం". కాస్త నాటకంలా ఉంటుంది గానీ, తప్పుకోవాలనుకునేవాడికి మూడోసారి లోపు చెప్పే అవకాశం ఇచ్చినట్టూ అవుతుంది, ఆ తర్వాత సాకులు చెల్లవని తెలిసినట్టూ అవుతుంది.

వేలం నడుస్తుండగా తప్పుకుంటే

ముందు ఆ పాట తీసేసినట్టు ఒప్పుకోండి. "కుదరదు, పాడాక కొనాల్సిందే" అని పట్టుబట్టకండి. చట్టమూ మీ పక్షాన లేదు, ఇష్టం లేనివాడికి అంటగట్టిన వస్తువు తిరిగి మీ ఇంటికే వస్తుంది.

తర్వాత నిలిచి ఉన్న పాటని ప్రకటించి సమయం పెంచండి. ఇదే అసలు పని. 11,000 అని చూడగానే, ఐదారు వేలు ఇవ్వగలిగినా పాడకుండా ఆగిపోయినవాళ్లు ఉంటారు. వాళ్లు గ్రూపు మూసేసి అన్నం తినడానికి వెళ్లుంటారు. ఆ కాసేపట్లో ధర నాలుగు వేలకు పడిందని వాళ్లకి తెలియదు. అందుకే ఇలా రాయండి:

"జెనిట్-ఇ వేలం: 11,000 పాట వెనక్కి తీసుకున్నారు. ఇప్పుడు నిలిచి ఉన్నది 4,000. ముగింపు 9:00 నుంచి 9:45కి మార్చాను. 11,000 చూసి ఆగినవాళ్లు ఇప్పుడు పాడొచ్చు."

పాడినవాళ్లకీ, ఫొటోలు అడిగినవాళ్లకీ విడిగా కూడా ఒక మెసేజ్ పెట్టండి. నాలుగు వేల పాటదారుకి ఇది నచ్చకపోవచ్చు. "నాకు రావాల్సింది కదా" అంటారు. షరతుల్లో ముందే రాశారు కాబట్టి చూపించండి.

చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. పైన ఇంకొకరు పాడగానే కింది పాట ఆగిపోయినట్టే సాధారణంగా లెక్క. 11,000 పోయింది కాబట్టి నాలుగు వేలవాడు తప్పనిసరిగా కొనాలని మీరు అనలేరు. "అండీ, పై పాట తప్పుకుంది. మీ 4,000 మీద ఉంటారా?" అని అడగాలి. ఈ లోపు ఆయన వేరే కెమెరా కొనేసుకుని ఉండొచ్చు.

ఆ తర్వాత, తప్పుకున్న మనిషికి విడిగా ఒక ప్రశ్న: "పాట తీసేశానండి, ఇబ్బందేం లేదు. వస్తువులో ఏమైనా తేడా కనిపించిందా, అంకె పొరపాటా? తెలిస్తే మిగతావాళ్లకీ చెప్తాను." మర్యాదగా అడిగితే నిజం చెబుతారు. "లెన్స్ మూల పగిలినట్టుందన్నా" అంటే మీకు పనికొచ్చే సంగతే. "మా ఆవిడ తిట్టింది గురూ" అంటే లైట్ తీసుకోండి. జవాబే రాకపోతే, కిందిది ఒకసారి చదవండి.

అమాయకమైన పొరపాటా, ఎత్తుగడా?

1,100 కొట్టబోయి 11,000 కొట్టడం జరుగుతుంది. అలాంటివాళ్లు రెండు మూడు నిమిషాల్లోనే గగ్గోలు పెడతారు, సరైన అంకె వెంటనే పాడతారు. మూడు గంటలు గమ్మున కూర్చుని చివరి పది నిమిషాల్లో "అయ్యో పొరపాటు" అన్నది నమ్మే మాట కాదు.

ఎత్తుగడ ఇలా నడుస్తుంది. ఒకడు 4,000 పాడతాడు. అతని మనిషే ఇంకొకడు వెంటనే 11,000 పాడతాడు. మిగతావాళ్లు బెదిరి ఆగిపోతారు. ముగింపుకి కాస్త ముందు రెండోవాడు తప్పుకుంటాడు, మొదటివాడు 4,000కి ఎగరేసుకుపోతాడు. పెద్ద అంకె గొడుగు కింద చిన్న పాట దాక్కున్నట్టు. ఇది పట్టుకోవాలంటే తప్పుకున్నవాణ్ణి కాదు, అతను తప్పుకోవడం వల్ల లాభపడినవాణ్ణి చూడండి. ఇద్దరూ ఒకే వారంలో గ్రూపులో చేరారా? ఎప్పుడూ ఒకరి తర్వాత ఒకరే పాడుతున్నారా? ధర పడగానే కిందివాడు మీరు అడగకముందే "నేను రెడీ, ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గరికి వచ్చేస్తా" అంటున్నాడా? ఒక్కదానితో తేల్చేయకండి, మూడూ కలిస్తే మాత్రం నమ్మకండి. "ఒక్క పాటలో 1,000కి మించి పెంచాలంటే ముందు నాతో మాట్లాడాలి" అన్న షరతు, సమయం పెంచడం, ఈ రెండూ ఉంటే ఆ ఎత్తు పారదు. అందుకే వాటిని పైన పెట్టించాను.

ఈబేలో అయితే

ఈబే ఇండియా సైటు 2018 ఆగస్టులో మూతపడింది. ఇప్పుడు ఇక్కడి నుంచి విదేశాలకి అమ్మేవాళ్లే దాన్ని వాడుతున్నారు. అక్కడ పాట పద్ధతి వేరు. పాటదారు తన గరిష్ఠ ధరని లోపల దాచి పెడతాడు, రెండో పెద్ద పాటకి కాస్త పైన మాత్రమే బయటికి కనిపిస్తుంది. లక్ష్మి గారి గరిష్ఠం 9,000, రవి గారిది 6,000 అనుకోండి. బయటికి 6,000 పైన ఒక్క మెట్టు (కనీస పెంపు) కనిపిస్తుంది. లక్ష్మి గారు తప్పుకుంటే ఆమె అసలు పాడనట్టే లెక్క మళ్లీ కడతారు. మూడో వ్యక్తి 3,500 దగ్గర ఉంటే ధర రవి గారి పేరు మీద 3,500 పైన ఒక మెట్టుకి దిగుతుంది. అంటే 6,000 దాకా ఇవ్వడానికి సిద్ధపడినవాడు ఇంకా లోపలే ఉన్నాడు. ధర పడిందని కంగారుపడి వేలం ఆపేయకండి.

ఉపసంహరణకి అక్కడ కట్టుబాట్లు ఉన్నాయి. అంకె తప్పు పడటం, వస్తువు వివరణ గణనీయంగా మారడం లాంటి కారణాలకే ఒప్పుకుంటారు. ముగింపుకి 12 గంటలకి పైగా సమయం ఉంటే, ఆ వస్తువు మీద ఆయన పాడినవన్నీ పోతాయి. 12 గంటల లోపు అయితే, పాడిన గంటలోపే, చివరి పాట ఒక్కటే తీసుకోగలరు.

ఇందులోనూ ఒక జిత్తు ఉంది. ఒకడు 50,000 కొడతాడు. వెంటనే ధర 9,000 పైకి ఎగురుతుంది. దాంతో లక్ష్మి గారి దాచిన గరిష్ఠం ఎంతో బయటపడిపోతుంది. "అంకె తప్పు" అని వెనక్కి తీసుకుని, చివరి క్షణంలో సరిగ్గా ఆమె మీద ఒక్క మెట్టు పాడతాడు. నిజంగా అంకె తప్పయితే సరైన అంకె వెంటనే పెట్టాలన్నది నియమం. పెట్టకుండా మాయమయ్యాడంటే అది వెతుకులాటే.

చేయాల్సింది ఇది. పాటల సంఖ్య మీద నొక్కితే చరిత్ర తెరుచుకుంటుంది. ఒక్కో పాటదారు మీద నొక్కితే ఆయన గత ఆరు నెలల్లో ఎన్ని పాటలు వెనక్కి తీసుకున్నాడో ఉంటుంది. ఒకటీ అరా ఫర్వాలేదు. వరుసగా కనిపిస్తే ఆ పేరుని మీ నిషేధ జాబితాలో చేర్చి, మిగిలిన పాటలు ఉంటే అమ్మకందారుగా మీరే రద్దు చేయండి. అమ్మకం సెట్టింగుల్లో గతంలో డబ్బు కట్టకుండా వదిలేసిన కొనుగోలుదారులను ముందే ఆపే వీలూ ఉంది. ఉపసంహరణ అనుమానంగా ఉంటే ఈబేకి ఫిర్యాదు పెట్టండి. ఫీడ్‌బ్యాక్‌లో కసి తీర్చుకుందామంటే కుదరదు. 2008 నుంచి అక్కడ అమ్మేవాళ్లు కొనేవాళ్లకి చెడ్డ రేటింగ్ ఇవ్వలేరు.

గెలిచినవాడు డబ్బు కట్టకపోతే 4 రోజులు ఆగి, "డబ్బు చెల్లించలేదు" అన్న కారణంతోనే రద్దు చేయండి. చాలామంది జాలిపడి "కొనుగోలుదారు అడిగారు" అని పెట్టేస్తారు. అప్పుడు ఆయన ఖాతాలో ఆ మచ్చ పడదు, ఇంకొకరికి అదే చేస్తాడు. ఆ తర్వాత కింది పాటదారుకి "రెండో అవకాశం" పంపొచ్చు, వేలం ముగిసిన 60 రోజుల దాకా. ధర ఆయన పాడిన గరిష్ఠమే ఉంటుంది. తప్పుకున్నవాడి దొంగ పాట వల్లే ఆయన అంత దూరం వెళ్లాడని మీకు తోస్తే, ఆ ధర మీద పట్టుబట్టకుండా తక్కువకి మామూలు అమ్మకంగా పెట్టడం న్యాయం.

ఇంకొకటి, పాత నాణేలు అమ్మేవాళ్లకి. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం దేశం దాటించకూడదు. పాట ఎంత బాగా వచ్చినా మీరే రద్దు చేసుకోవాల్సి వస్తుంది. వేలం పెట్టకముందే ఏడాది చూసుకోండి.

ముగిశాక ఎగ్గొడితే

ఒక గడువు ఇవ్వండి, ఒక్కటే. "సోమవారం సాయంత్రం 6 దాకా చూస్తానండి. ఆ తర్వాత కింది పాటవారికి ఇచ్చేస్తాను, ధరావత్తు షరతు ప్రకారం ఉంచుకుంటాను." రోజుకి నాలుగుసార్లు ఫోన్ చేయొద్దు. గడువు దాటగానే చెప్పింది చెప్పినట్టు చేయండి.

ఆరేడు వేల వస్తువు కోసం లాయరు నోటీసులు, కేసులు దండగ. లాయరు ఫీజే కెమెరాని మించిపోతుంది. అంతకన్నా పెద్ద తప్పు, ఆయన ఫొటో, ఫోన్ నంబరు పెట్టి "ఈ దొంగని నమ్మకండి" అని గ్రూపుల్లో తిప్పడం. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద పరువునష్టం కేసు మీ మీదకి రావచ్చు. గ్రూపు నడిపేవాళ్లకి విడిగా జరిగింది జరిగినట్టు చెప్పి, స్క్రీన్‌షాట్లు ఇస్తే చాలు. వాళ్లు తీసేస్తారు.

ధరావత్తు తిరిగి పంపేటప్పుడు

వచ్చిన యూపీఐ ఐడీకే తిరిగి పంపండి. "మా తమ్ముడి నంబరుకి వేయండి", "ఈ అకౌంట్‌కి కొట్టండి" అంటే వద్దనండి. ఎక్కడో మోసంలో కొట్టేసిన డబ్బుని ఇలా చేతులు మార్చేవాళ్లు ఉన్నారు. ఆ గొలుసులో మీ అకౌంట్ కనిపిస్తే బ్యాంకు దాన్ని స్తంభింపజేస్తుంది, విడిపించుకోవడానికి చెప్పులరగాలి.

"300 బదులు 3,000 పంపాను, 2,700 వెనక్కి వేయండి" అని స్క్రీన్‌షాట్ పంపుతారు. స్క్రీన్‌షాట్ చూడకండి, బ్యాంకు యాప్‌లో బ్యాలెన్స్ చూడండి. డబ్బు రావడానికి క్యూఆర్ స్కాన్ చేయమన్నా, పిన్ కొట్టమన్నా అది మోసమే. డబ్బు అందుకోవడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పొరపాటున జరిగిపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

మీరే పాటదారైతే: తుక్కు, బ్యాంకు వేలాలు

ఆటోనగర్‌లో తుక్కు వ్యాపారం చేసేవాళ్లకి ఇదంతా చిన్నపిల్లల ఆటలా అనిపిస్తుంది. ప్రభుత్వ రంగ సంస్థల తుక్కు, ఎంఎస్‌టీసీ అనే ప్రభుత్వ సంస్థ నడిపేలాంటి ఈ-వేలాల్లో పోతుంది. అక్కడ ముందుగా ఈఎండీ (అంటే ధరావత్తే) కట్టాలి, పాడిన పాట వెనక్కి తీసుకోవడం కుదరదు, గెలిచి కట్టకపోతే ఈఎండీ పోతుంది.

బ్యాంకులు జప్తు చేసిన ఇళ్లు, స్థలాల వేలం ఇంకా గట్టిది. గెలిచిన రోజు, లేదా మరుసటి పనిదినం లోపు ధరలో 25 శాతం కట్టాలి, ఈఎండీ అందులోనే కలుస్తుంది. అమ్మకం ఖరారైన 15వ రోజుకి మిగతా 75 శాతం. గడువు పొడిగించినా మొత్తం మీద మూడు నెలలు దాటదు. కట్టలేకపోతే కట్టిందంతా పోతుంది. "బ్యాంకుకి నష్టమేం రాలేదు కదా, మా డబ్బు ఇచ్చేయండి" అన్న వాదనని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. మధురవాడలో ఫ్లాట్ చవగ్గా వస్తోందని లోను మంజూరు కాకుండానే పాడేసేవాళ్లు ఈ 75 శాతం దగ్గరే ఇరుక్కుంటారు. లోను మాట రాతపూర్వకంగా చేతిలో పడ్డాకే పాడండి.

మళ్లీ వేలం పెట్టేటప్పుడు

కింది పాటదారు కూడా వద్దంటే వెంటనే అదే రాత్రి మళ్లీ పెట్టకండి. "ఎవరూ కొనడం లేదు, ఏదో లోపం ఉంది" అనుకుంటారు. వారం ఆగండి. పాత పోస్టుని కాపీ కొట్టకుండా కొత్త ఫొటోలు తీసి పెట్టండి, తప్పుకున్నవాళ్లు అడిగిన ప్రశ్నలకి జవాబులు వివరణలోనే చేర్చండి. "క్రితం వారం హెచ్చు పాటవారు తప్పుకున్నారు, అందుకే మళ్లీ పెడుతున్నాను" అని ఒక వాక్యం రాయండి. మొదటి ధర మాత్రం పోయినసారి నిజంగా నిలిచిన పాటకి కాస్త కింద పెట్టండి. మన కెమెరా లెక్కలో అది 3,500. పదకొండు వేలు చూశారు కదా అని ఎనిమిది వేల దగ్గర మొదలుపెడితే ఈసారి తప్పుకోవడానికి కూడా ఎవరూ రారు.